ఆ నోటు నా చేతిలో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక టిప్పు ఇవ్వాలా, వద్దా? ఓనరే స్వయంగా కట్ చేస్తే ఆయనకీ ఇవ్వాలా? పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. "బిల్లు కట్టాక మళ్లీ ఈ మొహమాటం పన్ను ఏమిటి?" అని కూడా విసుక్కున్నారు. మొహమాటం పన్ను అన్న మాట నాకు భలే నచ్చింది. మా సెలూన్ అమ్మాయిలకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వారు. ఆయనకి జవాబు చెప్పే అర్హత నాకు కాస్త ఉందనుకుంటున్నాను. ఆరేళ్లు తలలు కడిగాను. పదకొండేళ్లు ఇంకొకరి సెలూన్‌లో కత్తెర పట్టాను. ఎనిమిదేళ్లుగా నాలుగు కుర్చీల సెలూన్ సొంతంగా నడుపుతున్నాను. అందులో కిటికీ పక్క కుర్చీ నాదే, ఇప్పటికీ నేనే కట్ చేస్తాను.

ముందు సూటిగా జవాబు. ఓనరుకి ఇవ్వక్కర్లేదు. నేను చేసిన తలకి వచ్చిన డబ్బులో అద్దె, కరెంటు, జీతాలు పోను మిగిలేది నాకే. చాలడం లేదనిపిస్తే రేట్ల బోర్డు తీసి కొత్తది పెట్టుకుంటాను. అంతేగానీ చిల్లర లెక్కపెట్టే మీ చేతుల వైపు చూస్తూ నిలబడటం నాకు మర్యాద కాదు. ఓనరుకి టిప్పు ఇస్తే ఆయన్ని చిన్నబుచ్చినట్టని పాతకాలం వాళ్లు అనుకునేవారు. నాకు చిన్నతనమేమీ లేదు. అవసరం లేదంటున్నాను, అంతే. ఎవరైనా బలవంతంగా చేతిలో పెడితే తీసుకుని, వాళ్ల ఎదురుగానే హెల్పర్ల డబ్బాలో వేస్తాను.

అయితే ఓనర్ అనే మాట కిందికి రకరకాల మనుషులు వస్తారు. కొన్ని సెలూన్లలో ఒక్కో కుర్చీని ఒక్కొక్కరు అద్దెకి తీసుకుంటారు. కత్తెర వాళ్లదే, రంగు వాళ్లదే, బిల్లూ వాళ్లకే. పేరుకి వాళ్లూ యజమానులే. కానీ మనిషి రాని రోజున కూడా కుర్చీ అద్దె మాత్రం కట్టుకోవాలి. ఒక్క కుర్చీ, ఒక్క అద్దం, ఊడ్చేదీ కడిగేదీ తనే అయిన మనిషినీ, నలుగురిని పెట్టుకుని కౌంటర్లో కూర్చున్న మనిషినీ ఒకే గాటన కట్టకండి. అక్కడ మీ మనసుకి తోచినట్టు చేయండి, ఏం చేసినా తప్పు కాదు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఆ పాఠకుడు స్టైలిస్టు గురించి అడిగారు, ఓనరు గురించి అడిగారు. తల కడిగిన పిల్ల గురించి ఒక్క మాట రాయలేదు. ఆయన్నేం అనను, అందరూ మర్చిపోతారు. వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఉన్నప్పుడు జరిగే పని అది. లేచి అద్దం ముందుకి వచ్చాక కనిపించేది కత్తెర పట్టినవాళ్లే. ముగ్గురు నలుగురు చేయి వేసిన తలకి, చివర్లో డ్రయ్యర్ పట్టుకుని నిలబడ్డ మనిషికి టిప్పు ముడుతుంది.

నాకు మొదటి టిప్పు వచ్చిన రోజు చెబుతాను. పెద్దావిడ. ఏదో పెద్ద జబ్బు నుంచి లేచి వచ్చారు, జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడుతోంది. మిగిలినదాన్ని పొట్టిగా కట్ చేయించుకుందామని వచ్చారు. కడుగుతుంటే వెంట్రుకలు నా వేళ్లకి చుట్టుకుని వస్తున్నాయి. ఆవిడ లేచి బేసిన్‌లోకి చూస్తారేమోనని, ఊడిన జుట్టంతా ఎడం అరచేతి కింద నొక్కిపెట్టి ఒంటిచేత్తో నురగ కడిగాను. ఆపైన తువ్వాలు తలకి చుట్టే సందడిలో ఆ ముద్దని ఏప్రాన్ జేబులో కుక్కేశాను. చూడలేదనే అనుకున్నాను. కుర్చీ దిగేముందు ఆవిడ పర్సు తీసి మడతపెట్టిన నోటొకటి నా తడి చేతిలో పెట్టి వేళ్లు మూశారు. "జేబులోది బయట పారేయమ్మా, నేను వెళ్లాక" అన్నారు.

నోటు తడిసి అరచేతికి అంటుకుపోయింది. వెనక గదిలోకి వెళ్లి డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టాను. వేడిగాలికి ముడుచుకుపోతుందని భయం. స్టైలిస్టు చూసింది. "అందులో సగం నాది" అంది. ఆ సెలూన్‌లో పద్ధతి అదేనట, ఎవరికి ఏం వచ్చినా సగం కత్తెరది. సాయంత్రం చిల్లర మార్చి ఇచ్చేశాను. ఇప్పుడు తల్చుకున్నా కోపం డబ్బు మీద కాదు. ఆరిన నోటు కాసేపు దాచుకుందామనుకున్నాను, చిల్లర చేయాల్సి వచ్చింది, దాని మీద.

అదయ్యాక కొన్నాళ్లకి నేనూ కత్తెర పట్టాను. చేతులు మారాయి గానీ చేతుల బాధ పోలేదు. తలలు కడిగేవాళ్లకి వేళ్ల సందుల్లో చర్మం పగులుతుంది. పగుల్లోకి షాంపూ దిగితే మంట, నిమ్మరసం పిండినట్టు ఉంటుంది. జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి ఒకసారి పడకపోతే జన్మలో మళ్లీ పడదు, వాళ్లు రంగు పని మానుకోవాల్సిందే. కత్తెర పట్టినవాళ్లకి కొత్తగా తెగిన పొట్టి వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకుని వేళ్ల మధ్య చర్మంలోకి దిగుతాయి, చీము పడుతుంది. బార్బర్లకి వచ్చే జబ్బుగా వైద్య గ్రంథాల్లోకే ఎక్కింది అది. నా కుడిచేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య ఇప్పటికీ ఒక చిన్న గుంట ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2010లో ప్రచురించిన గ్రంథంలో హెయిర్‌డ్రెసర్, బార్బర్ పనులని క్యాన్సర్‌కి బహుశా కారణం కాగల 2ఏ వర్గంలో ఉంచింది.

జాలిపడి టిప్పు ఇవ్వమని ఇదంతా రాయడం లేదు. గ్లోవ్స్ కొనాల్సింది నేను. జుట్టు నున్నగా చేసే కెరటిన్ మందు పెట్టేటప్పుడు వచ్చే పొగ బయటికి పోయేలా ఫ్యాను పెట్టించాల్సింది నేను. జీతం సరిగ్గా ఇవ్వాల్సిందీ నేనే. ఇవన్నీ కస్టమర్ జేబులోంచి రావాలనుకునే ఓనర్లు ఉన్నారు. "జీతం తక్కువైనా మా దగ్గర టిప్పులు బాగా వస్తాయమ్మా" అని చెప్పి పిల్లల్ని పనిలో పెట్టుకుంటారు. నాకూ అలాగే చెప్పారు ఒకప్పుడు. ఆ మాట చట్టంగా మారితే ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికా చూడాలి. అక్కడ టిప్పులొచ్చే పనివాళ్లకి యజమాని తన చేత్తో ఇవ్వాల్సిన కనీస వేతనం, కేంద్ర చట్టం ప్రకారం, గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అంతే. మిగతావాళ్లకి 7.25. టిప్పులు కలిపినా అంత రాకపోతే తేడా యజమాని కట్టాలి, కొన్ని రాష్ట్రాలు అంతకంటే ఎక్కువే ఇప్పిస్తాయి, అది వేరే సంగతి. ఆ దేశంలోనే 1909లో వాషింగ్టన్ రాష్ట్రం అసలు టిప్పునే నిషేధించింది. ఇంకో ఐదు రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. 1926 కల్లా అన్నీ ఎత్తేశారు. ఇచ్చే చేతిని ఎవరు ఆపగలరు?

మనకి ఈ మాట కొత్త గానీ పని కొత్త కాదు. బక్షీసు అనేవాళ్లు, ఇనాం అనేవాళ్లు. ఒకటి పారసీకం నుంచి, ఒకటి అరబ్బీ నుంచి వచ్చి మన నోట్లో నానిపోయాయి. టిప్ అంటే "త్వరగా పని చేయించుకోవడానికి" అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలని కొందరు గొప్పగా చెబుతుంటారు. అది కట్టుకథ. ఆ భాషలో దొంగలు తమలో తాము వాడుకునే మాటల్లో, 400 ఏళ్ల కిందట, "ఇటివ్వు" అనే అర్థంలో ఉండేదది. నా సెలూన్ డబ్బా విషయంలో ఆ అర్థమే సరిగ్గా సరిపోయింది. ఎలాగో చెబుతాను, ఇది నా తప్పు కాబట్టి నేనే చెప్పాలి.

సొంత సెలూన్ పెట్టగానే కౌంటర్ మీద ఒక అద్దాల డబ్బా పెట్టాను. టిప్పులన్నీ అందులో, నెలాఖరుకి హెల్పర్లకి సమానంగా పంచుతానన్నాను. మూడు నెలలు పంచాను కూడా. నాలుగో నెలలో మూడో కుర్చీ దగ్గరి పెద్ద అద్దం పగిలింది. ట్రాలీ గుద్దుకుని పగిలింది, ఎవరు తోశారో తెలియదు. చేతిలో డబ్బు లేదు. డబ్బా తెరిచాను. "ఈ నెల అద్దానికి వాడాం, వచ్చే నెల చూద్దాం" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. వచ్చే నెల గీజర్ పాడైంది. ఆ తర్వాత నెల నేను చెప్పడం కూడా మానేశాను.

మా దగ్గర ఒక పిల్ల ఉండేది, గలగలా మాట్లాడేది. ఒకరోజు సాయంత్రం ఆ కొత్త అద్దం తుడుస్తూ తుడుస్తూ ఆగి, అందులోంచే నా వైపు చూసింది. "అక్కా, ఈ అద్దంలో నా వాటా ఎంత ఉంటుంది? ఈ మూల వరకు ఉంటుందా?" అని బట్టతో కింద మూల చిన్న గడి గీసి చూపించింది. నవ్వుతూనే అడిగింది. నేనూ నవ్వాను. మరుసటి నెల ఒకటో తారీఖున ఇంకో సెలూన్‌కి వెళ్లిపోయింది. ఆ గడి తడి ఆరిపోయి ఎన్నేళ్లయిందో గానీ, ఆ అద్దం ముందు నిలబడి కట్ చేయాల్సి వస్తే ఇప్పటికీ నా చూపు ఆ మూలకే పోతుంది.

కాబట్టి నాతోటి ఓనర్లకి ఒక మాట. టిప్పు మనది కాదు. బ్రిటన్‌లో దీని మీద చట్టమే తెచ్చారు, 2023లో చేసింది 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కస్టమర్ ఇచ్చిన టిప్పులో కోత పెట్టకుండా, ఏ నెలలో వచ్చిందో దాని మరుసటి నెలాఖరులోగా పనివాళ్లకి చేర్చాలి. ఎలా పంచుతున్నారో రాసిపెట్టుకుని వాళ్లకి చూపించాలి. అమెరికాలో 2018 నుంచి యజమాని, మేనేజరు పనివాళ్ల టిప్పుల్లో చేయి పెట్టకూడదు. ఓనరు తను ఒక్కతే చేసిన పనికి వచ్చినది మాత్రం ఉంచుకోవచ్చు. చూశారా, నా కిటికీ పక్క కుర్చీ దగ్గర నాకు ఎవరైనా ఇస్తే అక్కడి చట్టం కూడా నన్ను తప్పు పట్టదు. అయినా డబ్బాలోనే వేస్తాను, ఆ గడి అప్పు ఇంకా తీరలేదు.

కస్టమర్లకి చెప్పాల్సినవి ఎక్కువేమీ లేవు. ఇవ్వదలుచుకుంటే ఎవరికో వాళ్ల చేతికే ఇవ్వండి, నోటు అయితే మరీ మంచిది. కార్డు మీదో ఫోన్‌లో స్కాన్ చేసో బిల్లుతో కలిపి కొడితే అది నేరుగా ఓనరు ఖాతాలో పడుతుంది. అక్కడినుంచి హెల్పర్ దాకా వెళ్లేది ఓనరు బుద్ధిని బట్టి. "ఇది వాళ్లకి ఎప్పుడు చేరుతుంది?" అని కౌంటర్లో అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. తడబడితే మీకే అర్థమవుతుంది.

ఎంత అంటారా? బిల్లులో ఇంత శాతమని అమెరికా వాళ్లకి ఒక లెక్క, 15 నుంచి 20 దాకా. నాకు ఆ లెక్క సెలూన్‌కి అతకదనిపిస్తుంది. స్ట్రెయిటెనింగ్ బిల్లులో పెద్ద ముక్క సీసాలో ఉన్న మందుది. చిన్నపిల్లాడి కటింగ్ బిల్లు చిన్నది. కానీ ఏడ్చే పిల్లాడి చెవి పక్కన ట్రిమ్మర్ పట్టుకుని, పాటలు పాడుతూ, కిందకి జారిపోతుంటే పట్టుకుంటూ అరగంట తంటాలు పడ్డ మనిషి కష్టం ఏ శాతంలో వస్తుంది? బిల్లు కాకుండా ఆ మనిషి మీ కోసం ఎంతసేపు నిలబడిందో చూడండి. కూపన్‌తో సగం ధరకి చేయించుకుంటే పని కూడా సగమే అయిందనుకోకండి. అసలు ఇవ్వకపోయినా పర్వాలేదు, ఇది నిజంగానే అంటున్నాను. ఇవ్వని కస్టమర్‌కి నురగ కళ్లలో పోయించే పిల్ల మా దగ్గర లేదు. కౌంటర్ మీద మెషీన్ మీ వైపు తిప్పి, మూడు శాతాలు చూపించి, మీరు ఏది నొక్కుతారా అని వెనకున్న క్యూ అంతా చూసేలా నిలబెట్టే పద్ధతి కొన్నిచోట్ల వచ్చింది. మీ పాఠకుడు చెప్పిన మొహమాటం పన్ను అసలు రూపం అదే. సున్నా నొక్కి దర్జాగా నడవండి.

కట్ నచ్చకపోతే మాత్రం టిప్పు తగ్గించి ఊరుకోవద్దు. ఆ భాష మాకు అర్థం కాదు. ఆ రోజు మీ దగ్గర చిల్లర లేదేమో అనుకుంటాం. "ఎడమవైపు పొడుగుగా ఉంది" అని అప్పుడే చెప్పండి. ఇంటికెళ్లి తల స్నానం చేశాక తెలిస్తే వారంలోపు రండి. సరిచేస్తాం, డబ్బు అడగం. అప్పుడు టిప్పు కూడా అక్కర్లేదు, అది మా తప్పు.

ఒక్క రకం టిప్పు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. నోటు ఇస్తూ ఆడపిల్ల అరచెయ్యి వదలనివాళ్లు ఉన్నారు. ముందే నోటు చూపించి, "నన్ను నువ్వే చూసుకోవాలి" అనేవాళ్లూ ఉన్నారు. నేను కత్తెర పట్టే రోజుల్లో ఇలాంటప్పుడు ఓనరు మొహం పక్కకి తిప్పుకునేవారు, మంచి కస్టమర్ అని. మా సెలూన్‌లో అలాంటి నోటు తిరిగి మీ చేతికే వస్తుంది, కటింగ్ సగంలో ఉన్నా సరే. సగం కట్‌తో ఒకాయన్ని పంపించాను కూడా. వెనక పొట్టి, ముందు పొడుగు.

డబ్బు లేనప్పుడు ఇవ్వగలిగినవి కూడా ఉన్నాయి. రాలేకపోతే ముందురోజు ఫోన్ చేయండి. మీ కోసం ఖాళీగా ఉంచిన గంటకి కమీషన్ మీద బతికే పిల్లకి రూపాయి రాదు. హెల్పర్ పేరు అడిగి తెలుసుకుని, బాగా కడిగిందని నాకు చెప్పండి. జీతం పెంచమని వాళ్లు నన్ను అడిగే రోజున ఆ మాట వాళ్లకి సాక్ష్యంగా పనికొస్తుంది. నాకు కాస్త ఇబ్బందే, అయినా చెప్పండి.

ఆ అద్దాల డబ్బా ఇప్పుడు కౌంటర్ మీద లేదు. తలలు కడిగే బేసిన్ పక్కన గోడకి కొట్టించాను. తాళం చెవి హెల్పర్లలో పెద్దమ్మాయి దగ్గర ఉంటుంది. శనివారం రాత్రి వాళ్లే తెరిచి, వాళ్లే పంచుకుంటారు, నేను ఆ వైపు వెళ్లను. మొన్న ఒక కస్టమర్‌కి ఇవ్వడానికి చిల్లర లేక, "ఒకసారి తాళం ఇవ్వమ్మా, పెద్ద నోటు వేసి చిల్లర తీసుకుంటా" అన్నాను. ఆ అమ్మాయి నురగ చేతులతోనే తల అడ్డంగా ఊపి, "పక్క షాపులో అడుగక్కా" అంది.

వెళ్లి అడిగి తెచ్చుకున్నాను.

ఇట్లు,
నాలుగు కుర్చీల సెలూన్ ఓనరు
(మా అమ్మాయిలు గుర్తుపడతారు, పేరు వేయవద్దని మనవి)